గనుల విధానం చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఈ రాయి ఏ జాబితాలో ఉంది?

గత పాఠంలో 2019 జాతీయ ఖనిజ విధానంలోని ఉద్దేశాలు చదివాం. పారదర్శకత, స్థానికుల మేలు, పర్యావరణం లాంటి మాటలు దాదాపు ఏ దేశపు విధానంలోనైనా కనిపిస్తాయి. అక్కడే ఆగిపోతే మన ఊరి క్వారీ సంగతి ఏమీ తెలియదు. అందుకని ఈసారి ఒకటే పని నేర్చుకుందాం. ఖనిజం పేరు వినగానే చట్టం ప్రకారం అది మేజర్, మైనర్ జాబితాల్లో దేనిలో ఉందో చూడాలి. దాన్ని బట్టి అనుమతి ఎవరిస్తారు, రాయల్టీ (తవ్విన ఖనిజానికి లీజుదారు కట్టే సొమ్ము) రేటు ఎవరు పెడతారు, డబ్బు ఏ ఖజానాకు చేరుతుంది అన్న మూడు సంగతులూ రాబట్టాలి.

సులువైనది ముందు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మైనర్ ఖనిజం. 1957 నాటి గనుల, ఖనిజాల చట్టంలో 15వ సెక్షన్ మైనర్ ఖనిజాలకు నిబంధనలు రాసే అధికారం రాష్ట్రానికిచ్చింది. కాబట్టి మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే, రాష్ట్రం.

నెల్లూరు ప్రాంతంలోని సైదాపురం వైపు వెళితే లెక్క ఇంత తేలిక కాదు. అక్కడి మైకా, పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్ 2015 దాకా మేజర్ ఖనిజాలు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను మైనర్ జాబితాలోకి మార్చింది, ఈ మూడూ అందులో ఉన్నాయి. పదేళ్లు తిరిగాక, 2025 ఫిబ్రవరి 20న, ముగ్గురాయి(బెరైటీస్)తో కలిపి వీటిని మళ్లీ మేజర్ చేసింది. గుంటలో రాయి అదే, మారింది కాగితమే. అయినా ఆ కాగితంతో నిబంధనలు రాసే చెయ్యి రాష్ట్రం నుంచి కేంద్రానికి మారింది. పర్యవేక్షణలోకి కేంద్ర సంస్థ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వచ్చింది.

ఎందుకు మార్చారు? మైకా, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ ఎక్కువగా పెగ్మటైట్ అనే రాతిలో దొరుకుతాయి. అదే రాతిలో లిథియం, బెరిల్, టాంటలం లాంటివీ ఉండొచ్చు. మైనర్ లీజులో పలుగురాయి కోసం తవ్వేవాళ్లు వాటిని విడిగా గుర్తించి లెక్క చెప్పడం లేదన్నది కేంద్రం చూపిన కారణం. ఆ కారణం సరైనదేనని నా అభిప్రాయం. విలువైన ఖనిజం వ్యర్థాల గుట్టల పాలైతే ముందు నష్టపోయేది ఆ ఊరివాళ్లే. కానీ చిన్న లీజుదారులకు, వాళ్ల దగ్గర పనిచేసే కూలీలకు ఈ మార్పును ఎవరైనా తెలుగులో కూర్చోబెట్టి చెప్పాలి. విధానం ఎంత మంచిదైనా అర్థంకాని భాషలో వస్తే అది టెన్షనే.

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. మేజర్ ఖనిజానికి రాయల్టీ రేటు కేంద్రం పెడుతుంది, చట్టం రెండో షెడ్యూల్లో చూడండి. వసూలయ్యే డబ్బు మాత్రం రాష్ట్రానిదే. 2023 సవరణతో లిథియం లాంటి 24 కీలక ఖనిజాల వేలం కూడా కేంద్రమే జరుపుతోంది, ఆ ఆదాయమూ రాష్ట్రానికే. నిర్ణయించేది ఒకరు, అందుకునేది ఇంకొకరు. వార్తల్లో 'కేంద్రం తీసేసుకుంది' అని కనిపిస్తే తీసుకున్నది అధికారమా, డబ్బా అని అడగండి. ఇంకొక మాట: రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై రాష్ట్రాలు పన్ను వేయవచ్చని 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 8–1 తేడాతో తీర్పు చెప్పింది.

పెట్రోలియం ఈ చట్టం కిందికి రాదు. దానికి 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం ఉంది. నేల మీద చమురు పడితే లీజు రాష్ట్రమే ఇస్తుంది, కాకపోతే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. రాయల్టీ రాష్ట్రానికి. అదే బావి నెల్లూరు దగ్గరి మైపాడు తీరానికి ఎదురుగా సముద్రంలో పడిందనుకోండి, రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం అది కేంద్రానిది, రాయల్టీ కూడా కేంద్రానికే. తీరంలో వలలు వేసేవాళ్లు మనవాళ్లు, రాయల్టీలో మాత్రం రాష్ట్రానికి వాటా లేదు. ఇది చర్చకు రావలసిన విషయమని గట్టిగా నమ్ముతున్నాను.

ఇక అభ్యాసం. మార్కాపురం పలకరాయి, చిల్లకూరు–కోట తీరంలోని సిలికా ఇసుక, ఒంగోలు దగ్గర కొణిజేడు ఇనుప ఖనిజం. ఒక్కొక్కదానికి మూడు జవాబులూ నోట్‌బుక్‌లో రాయండి. 2015 జాబితాలో ఉన్నవేవో, 2025 మార్పు వేటిని తాకలేదో చూసుకున్నాకే రాయండి. జవాబులు సరిచూసుకుని, వచ్చే పాఠంలో జిల్లా ఖనిజ నిధి డబ్బు ఎవరికి, ఎలా అందాలో చదువుదాం.