డీపీఎఫ్ లైటు ఓఆర్‌ఆర్ మీద ఆరింది

మాది 3 లీటర్ల వి6 డీజిల్ లిఫ్ట్‌బ్యాక్ కారు (వెనక అద్దంతో కలిపి డిక్కీ తలుపు పైకి లేచే రకం). ఇంజిన్ బలం మామూలుగా ముందు చక్రాలకు 40 శాతం, వెనక చక్రాలకు 60 శాతం వెళ్తుంది. అందుకే వాన పడ్డ ఫ్లైఓవర్ మలుపులోనూ పట్టు వదలదు, బంగారం లాంటి బండి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ తిరిగేసరికి డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగింది. ఫిల్టరే మార్చాలన్నారు ఒక గ్యారేజీలో, టెన్షన్ పట్టుకుంది.

ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే లోపల వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. సిటీలో అది కుదరదు. ఇంజిన్ ఆయిల్ లెవల్ చూసుకుని, గచ్చిబౌలి దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, గేర్లు మాన్యువల్‌లో పెట్టి 2,000 ఆర్‌పీఎమ్ పైన నిలకడగా నడిపాను. శంషాబాద్ దాటాక లైటు ఆరింది, పాత ఊపు తిరిగొచ్చింది!

ఆయిల్ లెవల్ పెరిగి కనిపిస్తే మాత్రం అందులో డీజిల్ కలిసి ఉండొచ్చు. ముందు ఆయిల్ మార్పించండి.