అమ్మకానికి పెట్టిన ఫోటోలు, కలంకారీ చిత్రాల పేజీని మెరుగుపరచుకోవడం ఎలా

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారూ, తిరుపతి చుట్టుపక్కల కొండలనూ కోటలనూ ఫోటోలు తీసేవారూ ఇప్పుడు తమ పనిని ఇంటర్నెట్‌లో నేరుగా అమ్ముకోగలుగుతున్నారు. అయితే చిత్రాన్ని చేతిలోకి తీసుకుని చూసే వీలు లేని కొనుగోలుదారుకు దుకాణంలో కలిగే నమ్మకాన్ని ఆ పేజీయే కలిగించాలి. అందులో చేసే ప్రతి మార్పునూ ఈ దృష్టితోనే ఆలోచించాలి.

మొదటి పని ఏరివేత. తలకోన జలపాతాన్ని ఒకే చోట నిలబడి తీసిన ఫోటోలు పది ఉంటే, మేలైనది ఒకటి ఉంచి మిగిలినవి తీసివేయాలి. పెళ్లి ఫోటోలు జీవనాధారమే అయినా, గోడకు తగిలించుకునే ప్రింటు కోసం వచ్చినవారికి అవి అడ్డుగా ఉంటాయి కనుక వాటికి వేరే పేజీ పెట్టుకోవడం మంచిది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది రంగు విషయంలో. కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు కాబట్టి దాని అడుగు రంగు తెల్లగా ఉండదు, లేత పసుపు ఛాయలో ఉంటుంది. ఫోన్ కెమెరా ఆ ఛాయను పొరపాటుగా భావించి తనంతట తానే తెల్లగా మార్చేస్తుంది. దాంతో సహజమైన రంగులతో చేతితో వేసిన చిత్రం కూడా యంత్రం మీద అచ్చు వేసిన గుడ్డలాగా కనిపిస్తుంది. అందువల్ల ఎండ నేరుగా పడని వసారాలో, ఫ్లాష్ వాడకుండా, గుడ్డను ముడతలు లేకుండా పరిచి, పక్కన ఒక తెల్ల కాగితం ఉంచి, ఆ కాగితాన్ని బట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా కెమెరా రంగులను సరిచేసే అమరిక) సరిచూసుకుని ఫోటో తీయాలి. మొత్తం చిత్రంతో పాటు ఒక ముఖాన్నో చేతివేళ్లనో బాగా దగ్గరగా తీసిన ఫోటో తప్పనిసరిగా ఉండాలి. బెల్లం నీటిలో ఇనుప ముక్కలు పులియబెట్టి చేసిన నలుపుతో వెదురు కలం గీసిన గీత ఒక చోట లావుగా, మరో చోట సన్నగా సాగడం అందులోనే కనబడుతుంది. ఆ నలుపు ఎలా తయారవుతుందో రెండు వాక్యాల్లో కింద రాస్తే ధర ఎందుకంత ఉందో విడిగా చెప్పనక్కరలేదు.

ఫోటో ప్రింట్లు అమ్మేవారు కొలతలు లెక్క చూసుకుని మాట ఇవ్వాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే 6000 × 4000 పిక్సెల్ ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే 20 × 13 అంగుళాల ప్రింటు వస్తుంది. పేజీలో మాత్రం పొడవు వైపు 1600 నుంచి 2000 పిక్సెళ్ల ఫైలు, ఎస్‌ఆర్‌జీబీ (చాలా తెరలకు సరిపడే ప్రామాణిక రంగుల పద్ధతి) రంగుల్లో పెడితే చాలు. ఎవరూ కాపీ చేయకుండా చిత్రం మీద పేరుతో వేసే పెద్ద వాటర్‌మార్క్ చిత్రాన్నే పాడుచేస్తుంది. మూలన చిన్న సంతకం సరిపోతుంది.

ప్రతి చిత్రం కింద కొలత, కాగితం లేదా గుడ్డ రకం, ఫ్రేము ఉందో లేదో, పంపడానికి పట్టే రోజులు, కొరియర్ ఖర్చుతో సహా ధర ఉండాలి. ధర కోసం మెసేజ్ చేయమనే పద్ధతి నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అడగడానికి మొహమాటపడేవారు మౌనంగా వెళ్లిపోతారు.

హక్కుల సంగతి కూడా స్పష్టంగా రాయాలి. ప్రింటు కొన్నంత మాత్రాన కాపీరైటు చేతులు మారదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఆ బదిలీ లిఖితపూర్వకంగానే జరగాలి. తిరుమల శ్రీవారి ఆలయంలోకి కెమెరాను, ఫోన్‌ను అనుమతించరు కాబట్టి లోపలి దృశ్యమంటూ ఏదీ అమ్మకానికి పెట్టకూడదు. చంద్రగిరి కోటలో అమ్మకం కోసం తీసేటప్పుడు పురావస్తు శాఖ అనుమతి విషయం ముందే తెలుసుకోవాలి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తిగా చట్టపరమైన గుర్తింపు ఉంది. అచ్చు గుడ్డను ఆ పేరుతో అమ్మడం చేతితో వేసేవారి నోటికాడి కూడు తీయడమే.

చివరగా, పేజీని మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూడాలి. మొదటి చిత్రం రావడం ఆలస్యమైతే ఫైళ్లను ఇంకా తగ్గించాలి. అమ్ముడుపోయిన చిత్రాల మీద ఆ మాట వెంటనే రాసి, వాటిని వరుసలో కిందికి జరపాలి.