బొల్లారం పాత ఇళ్ల ఫొటోలు: స్కాన్ చేసే పద్ధతి

సికింద్రాబాద్ దగ్గరి బొల్లారం, అల్వాల్ వైపు పెంకుటిళ్లు, పాత బంగళాలు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. బీరువా అడుగున పడున్న ఫొటోలే వాటికి మిగిలే ఆనవాలు. సెల్‌తో ఒక క్లిక్ కొట్టి సరిపెట్టకండి.

ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. తడిగుడ్డ పెడితే బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర ఉబ్బి ఊడొస్తుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకనే పీకొద్దు, బొమ్మంతా అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టండి.

4×6 అంగుళాల ప్రింటుకు స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 24 బిట్ కలర్ (మామూలు పూర్తి రంగులు), నాణ్యత తగ్గించకుండా దాచే టిఫ్ ఫైలు ఎంచుకోండి. సుమారు 26 ఎంబీ వస్తుంది. నలుపు తెలుపుదైనా కలర్‌లోనే తీయాలి. మరక ఏదో, గోడ నీడ ఏదో అప్పుడే తేలుతుంది. 35 ఎంఎం నెగెటివ్‌కైతే 3200 డీపీఐ. నలుపు తెలుపు నెగెటివ్‌కు స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్మును గుర్తించి చెరిపే సెట్టింగ్ ఆపేయండి. అది బొమ్మను ఏర్పరిచే వెండి రేణువులను దుమ్మనుకుని కిటికీ ఊచల్ని, అరుగు అంచుల్ని చెరిపేస్తుంది.

వెనకవైపు రాత ఉంటే అదీ స్కాన్ చేయండి. కొత్తగా రాయాలంటే 2బి పెన్సిల్‌తో, అంచున, తేలిగ్గా. బాల్‌పెన్ ఒత్తు ముందువైపు గీతై తేలుతుంది.

ఏడాది తెలియకపోతే జూమ్ చేసి ఇంటి కప్పు చూడండి. టీవీ యాంటెన్నా ఉంటే దాదాపు 1977 తర్వాతిదే, హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది ఆ ఏడాదే. చోటు పోల్చడానికి చెట్లను నమ్మొద్దు. గుట్టలు, చెరువు కట్ట, గుడి గోపురం చూడండి. బోర్డు మీద అక్షరాలు అద్దంలోలా కనిపిస్తే నెగెటివ్ తిరగేసి పెట్టినట్టే.