ఉదయగిరి కొండ బూడిదరంగులో కలిసిపోతుంటే

ఉదయగిరి దుర్గాన్ని ఊరి వైపు నుంచి తీసిన ఫోటో రంగుల్లో బాగానే ఉంది. ఎర్రటి రాతి గోడలు, కింద పచ్చటి తుప్పలు, పైన నీలాకాశం. బ్లాక్ అండ్ వైట్ చేద్దామని శాచురేషన్ (రంగుల గాఢత) సున్నాకి తెచ్చేసరికి మూడూ ఒకే బూడిదరంగు. కోట ఎక్కడుందో వేలుపెట్టి చూపించాల్సొచ్చింది.

రంగులు వేరైనా వాటి వెలుగు దాదాపు సమానం. రంగు తీసేస్తే మిగిలేది ఆ వెలుగే కదా. కాంట్రాస్ట్ పెంచితే నీడలు నల్లబడ్డాయి గానీ రాయీ, తుప్పా విడిపోలేదు.

పని చేసింది ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్సర్. ఏ రంగు బూడిదలో ఎంత వెలుగుగా కనిపించాలో ఇందులో విడివిడిగా మార్చొచ్చు. రా ఫైల్‌తో (కెమెరా నుంచి నేరుగా వచ్చిన, దిద్దని ఫైల్) మళ్లీ మొదలుపెట్టి రెడ్, ఆరెంజ్ పెంచాను, రాయి తేలింది. తుప్పల కోసం గ్రీన్ తగ్గిస్తే పెద్దగా కదల్లేదు. మన మెట్ట తుప్పల ఆకుల్లో పసుపే ఎక్కువ! ఎల్లో తగ్గించగానే ముదిరాయి. బ్లూతో మాత్రం జాగ్రత్త. మరీ కిందికి లాగితే ఆకాశమంతా నాయిస్ (గరుకు చుక్కలు), కొండ అంచు వెంట తెల్లటి గీత. కొంచెమే తగ్గించి, మిగతాది గ్రేడియంట్ మాస్క్‌తో, అంటే ఆకాశం భాగానికే క్రమంగా మార్పు వర్తింపజేసే పనిముట్టుతో, దించాను.

ఫిల్మ్ రోజుల్లో ఈ పని లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్‌ది. 1927లో అమెరికాలో యోసెమిటీలోని హాఫ్ డోమ్ అనే రాతికొండని ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీస్తేనే ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. మనకి ఆ ఫిల్టర్‌ని ఇంటికొచ్చాక మార్చుకునే సుఖం ఉంది.

డబ్బు పెట్టలేకపోతే జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పనికే మోనో మిక్సర్ ఉంది. మైపాడు బీచ్ ఫోటోలకి ఇంత తంటా అక్కర్లేదు, నురగకీ తడి ఇసుకకీ వెలుగులోనే తేడా ఉంటుంది.