యూరప్ దారిలో తపాలా స్టాంపు – నాలుగో పాఠం: ముందు డబ్బా చూడండి

మూడో పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను: రోములో స్టాంపు కొని ఇంటికి ఒక కార్డు వేయండి. దానికి వచ్చిన జవాబులు చదివాక, ఈసారి చెప్పాలనుకున్న స్టాంపు యంత్రాల సంగతి వాయిదా వేస్తున్నాను. చాలామంది కార్డులు ఇంకా హైదరాబాదుకూ విజయవాడకూ చేరలేదు. కొందరైతే ‘ఇటలీ తపాలా ఇంతే’ అని తీర్పు కూడా చెప్పేశారు. ఆ తపాలాను తిట్టడానికి కారణాలు కావాలంటే వేరే దొరుకుతాయి. ఈ కేసులో మాత్రం మీ కార్డులు చాలావరకు వాళ్ల లెక్కలోకే రాలేదు.

ఎక్కడ తప్పారో మూడు కుప్పలుగా పోశాను. ఒక కుప్పవాళ్లు ప్యారిస్‌లోనే ప్రయాణమంతటికీ సరిపడా స్టాంపులు కొని, యూరో అన్నిచోట్లా చెల్లుతుంది కదా అని రోములో అంటించారు. రెండో కుప్పవాళ్లు రోములో అసలైన ఇటలీ స్టాంపే కొన్నారు గానీ, సెయింట్ పీటర్స్ చర్చి ముందరి విశాలమైన ఆవరణలో పసుపు డబ్బా కనిపించగానే అందులో వేశారు. మూడో కుప్ప అన్నిటికన్నా పెద్దది. కార్డు కొన్న బొమ్మల దుకాణంలోనే స్టాంపు కూడా తీసుకుని, వీధి చివరి ఇటలీ తపాలా ఎర్ర డబ్బాలో వేసినవాళ్లు.

మొదటి కుప్పకు రెండు మాటలు చాలు. ఫలానా తపాలా సంస్థకు మోత కూలి ముందే చెల్లించాననడానికి స్టాంపే రసీదు. స్టాంపు మీద యూరో అని ఉన్నా, ఫ్రాన్సు సంస్థకు ఇచ్చిన కూలి ఇటలీ సంస్థ గల్లాపెట్టెలోకి రాదు. 1874లో బెర్న్‌లో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం వల్ల, బయలుదేరిన చోట ఒక్క స్టాంపు అంటిస్తే కార్డు కాకినాడ దాకా వస్తుంది. 1876 నుంచి మన దేశం కూడా అందులో ఉంది. పక్క దేశం నుంచి వచ్చిన సంచిని మోసుకుపోతామన్నదే ఆ ఒప్పందం. పక్క దేశం స్టాంపును మా డబ్బాలో ఒప్పుకుంటామని అందులో ఎవరూ ఎవరికీ మాట ఇవ్వలేదు.

ఇక మూడో కుప్ప. ఓపిక పట్టి చదవండి, ఇక్కడ కాస్త సాగదీస్తాను.

రోము, వెనిస్, ఫ్లోరెన్స్ వీధుల్లో కార్డుల గిరగిర స్టాండు పెట్టుకున్న దుకాణాల్లో స్టాంపు అడిగితే, చాలాచోట్ల రంగురంగుల స్టిక్కరు ఒకటి చేతిలో పెడతారు. దాని మీద కొలోసియమో, గొండొలా పడవో ఉంటుంది. పక్కన గళ్లగళ్ల క్యూఆర్ కోడ్, ఏదో సంస్థ పేరు ఉంటాయి. అది ప్రైవేటు బట్వాడా సంస్థ స్టాంపు. మోసం కాదు, చట్టబద్ధమైన వ్యాపారమే. ఉత్తరాల మీద ప్రభుత్వ తపాలాల గుత్తాధిపత్యం తీసేయాలని యూరోపియన్ యూనియన్ 2008లో ఆదేశం చేసింది. ఎక్కువ దేశాల్లో అది 2011 నాటికే అమలైంది. ఆ తరువాత ఎవరి డబ్బాలు వాళ్లు పెట్టుకున్నారు. ఆర్టీసీ టికెట్ పట్టుకుని ప్రైవేటు ట్రావెల్స్ బస్సు ఎక్కి, ‘దారి ఒకటే కదా’ అని కండక్టరుతో వాదిస్తే ఏమవుతుందో, ప్రైవేటు స్టాంపును ఎర్ర డబ్బాలో వేస్తే అదే అవుతుంది. ఇటలీ తపాలా శాఖ దృష్టిలో అది స్టాంపే లేని కార్డు.

‘దుకాణం ఆయనే ఎర్ర డబ్బాలో వేయమన్నాడు’ అని చాలామంది రాశారు. ఆయన కార్డులు అమ్ముకునే మనిషి. తల ఊపితే మీరు కొంటారు, కొన్నాక వెళ్లిపోతారు. ఆయన మాటను ఏ తపాలా శాఖా పూచీగా తీసుకోదు. ‘చూడటానికి అచ్చం స్టాంపులాగే ఉంది’ అని ఇంకొకరు. ఉండాలనే అలా అచ్చువేశారు.

కాబట్టి గుర్తులు చూసుకోండి. అసలైన స్టాంపు మీద ‘ఇటాలియా’ అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. విదేశాలకు వెళ్లేవాటి మీద చాలాసార్లు ‘బి’ అక్షరం, పక్కన జోన్ అంకె ఉంటాయి. ఒకటో జోన్ యూరప్, మధ్యధరా తీర దేశాలు. రెండో జోన్‌లో మిగతా ఆసియా, ఆఫ్రికా, అమెరికాలు. మూడోది ఓషియానియా. మనకు కావలసింది రెండు. అంకె లేకుండా ఉత్త ‘బి’ ఉంటే అది ఇటలీలో తిరగడానికి, దానితో కార్డు భీమవరం రాదు. పెద్ద క్యూఆర్ కోడ్, ఎన్నడూ వినని కంపెనీ పేరు, ‘మా డబ్బాలోనే వేయండి’ అన్న చిన్న అక్షరాలు కనిపిస్తే డబ్బు ఇవ్వకముందే ఒక్క ప్రశ్న అడగండి: డబ్బా ఎక్కడ? దుకాణం లోపలి డబ్బానో, గుమ్మం పక్కనున్నదో చూపిస్తే అది ప్రైవేటుది. అక్కడే వేయదలచుకుంటే వేయండి, మీ ఇష్టం. నేనైతే వేయను. ఎర్ర డబ్బానే నాకు నమ్మకం.

ఇప్పటికే ఆ స్టిక్కరు కొని సంచిలో పెట్టుకున్నవాళ్లు అదే సంస్థ డబ్బా ఇంకో ఊళ్లో కనిపిస్తే అందులో వేయవచ్చు. కానీ దాని కోసం వెనిస్ అంతా నడవకండి. స్టిక్కరు కనపడకుండా పైన అసలు స్టాంపు అంటించి ఎర్ర డబ్బాలో వేయడం మేలు. ఎర్ర డబ్బాకు రెండు నోళ్లు ఉంటే ఎడమది ఆ ఊరికి, కుడిది మిగతా ప్రపంచానికి. ఈ మాట రెండో పాఠంలోనే చెప్పాను. అయినా ఎడమ నోట్లో వేసి, ‘ఏమైనా అవుతుందా’ అని అడిగారు. ఏమీ కాదు, కాస్త ఆలస్యమంతే.

రెండో కుప్పవాళ్లు కార్డు వేసింది వాటికన్‌లో. సెయింట్ పీటర్స్ ఉన్నది అక్కడే. అది వేరే రాజ్యం. 1929 నుంచి సొంత స్టాంపులు వేస్తోంది. అక్కడి పసుపు డబ్బాలో అక్కడి స్టాంపే చెల్లుతుంది, ఆ స్టాంపు ఇటలీ ఎర్ర డబ్బాలో చెల్లదు. సెయింట్ పీటర్స్ దగ్గరా మ్యూజియంలోనూ వాళ్ల తపాలా కార్యాలయాలు ఉన్నాయి. అక్కడే కొని, అక్కడే రాసి, అక్కడే వేసేయండి. ‘హోటల్‌కి వెళ్లి తీరిగ్గా రాస్తాను’ అని స్టాంపు జేబులో వేసుకున్నారా, మీ దగ్గర మిగిలేది జ్ఞాపిక.

ఇలాంటి చిన్న రాజ్యాలు ఇంకొన్ని ఉన్నాయి. మన బస్సు టూర్లు స్విట్జర్లాండ్ నుంచి లీక్టెన్‌స్టయిన్‌లోని వాడుజ్‌లో ఒక పూట ఆపుతాయి. అక్కడ నడిచేది స్విస్ ఫ్రాంకే అయినా స్టాంపు స్విస్‌ది కాదు. నీస్ నుంచి మొనాకో వెళ్లి వచ్చేవాళ్లకూ ఇదే కథ. శాన్ మారినో కూడా అంతే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అండోరా. దానికి సొంత తపాలా సంస్థ లేదు. అటు ఫ్రాన్సు, ఇటు స్పెయిన్, రెండు దేశాల తపాలాలూ అక్కడ పనిచేస్తాయి. రెండూ ‘అండోరా’ పేరుతోనే వేరువేరు స్టాంపులు వేస్తాయి. స్పెయిన్‌వాళ్లు అమ్మింది స్పెయిన్‌వాళ్ల డబ్బాలో, ఫ్రాన్సువాళ్లు అమ్మింది ఫ్రాన్సువాళ్ల డబ్బాలో. ఒకే దేశం పేరున్న స్టాంపు, ఒకే వీధి, అయినా డబ్బా తేడా. బార్సిలోనా నుంచి ఒక రోజు షికారుగా అక్కడికి వెళ్లేవాళ్లు స్టాంపు మీద దేశం పేరు చూసి తృప్తిపడకుండా, అమ్మిన సంస్థ ఏదో చూడండి.

ఇక కొనే చోటు. తపాలా కార్యాలయానికి వెళ్లడం మంచిదే అంటారు అందరూ. నేను వెళ్లను. ఇటలీలో పింఛన్లు, కరెంటు బిల్లులు, బ్యాంకు పనులు అన్నీ అక్కడే. నంబరు చీటీ తీసుకుని కూర్చోవాలి. నెల మొదట్లో పింఛను రోజులైతే మీ బస్సు మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంది. నా దారి పొగాకు దుకాణం. ఇటలీలో ముదురు రంగు బోర్డు మీద పెద్ద ‘టి’ అక్షరం, ఫ్రాన్సులో ఎర్రటి పొడవాటి వజ్రాకారపు గుర్తు, స్పెయిన్‌లో ‘తబాకోస్’ అన్న బోర్డు, ఆస్ట్రియాలో ‘ట్రాఫిక్’ అని రాసిన చిన్న కొట్టు. సిగరెట్లకూ స్టాంపులకూ చుట్టరికం ఏమిటంటే, పొగాకు ఈ దేశాల్లో ప్రభుత్వ గుత్త వ్యాపారం. లైసెన్సు పొందిన కొట్లే దాన్ని అమ్మేవి. అదే కొట్టుకు స్టాంపులూ ముద్ర కాగితాలూ అప్పగించారు. ఆస్ట్రియాలో ఈ ఏర్పాటు 1784లో రెండో జోసెఫ్ కాలం నాటిది. యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్నవాళ్లకు ఈ కొట్లు ఇచ్చేవారు. ఇప్పటికీ లైసెన్సుల్లో దివ్యాంగులకే మొదటి అవకాశం.

జర్మనీ, నెదర్లాండ్స్‌లో ఈ దారి పనిచేయదు. అక్కడ సూపర్‌మార్కెట్‌లోనో పుస్తకాల కొట్లోనో తపాలా కౌంటరు ఉంటుంది. భాష గురించి కంగారు పడకండి. కార్డు మీద చిరునామా రాసేసి, కింది వరుసలో ‘ఇండియా’ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పెట్టి, దాన్నే చూపించండి. మీ నోటి కన్నా ఆ వరుస బాగా మాట్లాడుతుంది. పైన చిరునామా తెలుగులో రాయవచ్చా అని అడిగారు. రాయవచ్చు గానీ ఊరి పేరు, పిన్‌కోడు ఇంగ్లీషులో కూడా ఉంటే ముంబైలోనో ఢిల్లీలోనో వేరుచేసేవాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.

ధరలు నేను ఇవ్వను. ఏటా మారతాయి, రాసిన మరుసటి నెలకే పాతబడతాయి. దానికి బదులు వీలైన చోటల్లా ధర అంకె లేని అక్షరపు స్టాంపు అడగండి, ధర పెరిగినా చెల్లుతుంది. బెల్జియంలో ‘వరల్డ్’, ఐర్లండ్‌లో ‘డబ్ల్యూ’, చెక్ దేశంలో ‘జెడ్’, స్పెయిన్‌లో ‘సి’, నెదర్లాండ్స్‌లో ‘ఇంటర్నేషనల్ 1’. చెక్‌లో ‘ఇ’ ఇస్తే తీసుకోకండి, అది యూరప్ వరకే.

లండన్‌లో బంధువులున్నవాళ్లకు వేరే చిక్కు. ‘స్టాంపు ఎందుకు కొంటావమ్మా, ఇంట్లో ఉన్నాయి’ అని పిన్నిగారు సొరుగులోంచి రాణి బొమ్మ స్టాంపులు తీసి ఇస్తారు. బార్‌కోడ్ లేని ఆ మామూలు స్టాంపులు 2023 నుంచి చెల్లవు. బొమ్మలున్న ప్రత్యేక సంచికలూ క్రిస్మస్ స్టాంపులూ మాత్రం ఇంకా చెల్లుతాయి. పిన్నిగారి మనసు నొప్పించకుండా తీసుకుని, బార్‌కోడ్ ఉన్నదే కొనుక్కోండి. దాని మీద ‘ఫస్ట్ క్లాస్’ అని ఉంటే అది దేశంలోపలి రేటుది, మన ఊరికి విదేశీ రేటుది కావాలి.

డెన్మార్క్ వెళ్లేవాళ్లు ఇది తప్పక చదవాలి. 1624లో మొదలైన అక్కడి ప్రభుత్వ తపాలా 2025 చివరితో ఉత్తరాల బట్వాడా మానేసింది. దాదాపు 1,500 ఎర్ర డబ్బాలను ఆ ఏడాది జూన్ నుంచే పీకడం మొదలుపెట్టారు. ఇప్పుడు ‘డావో’ అనే ప్రైవేటు సంస్థ ఉత్తరాలు మోస్తోంది. వాళ్ల దుకాణంలో ఇవ్వాలి. నా అడ్డదారి చెబుతాను: కోపెన్‌హేగన్‌లో కార్డు కొని, రాసి, రైలెక్కి ఎరెసుండ్ వంతెన మీదుగా స్వీడన్‌లోని మాల్మో చేరండి. గంట కూడా పట్టదు. అక్కడ స్వీడన్ స్టాంపు అంటించి పసుపు డబ్బాలో వేయండి. నీలం డబ్బా ఆ ఊరి ఉత్తరాలకు. కార్డు మీద డెన్మార్క్ బొమ్మ, స్టాంపు మీద స్వీడన్ పేరు ఉంటే తప్పేమీ లేదు, తపాలావాళ్లు బొమ్మ చూడరు.

అభ్యాసం. ఈసారి సులువుగా వదిలిపెట్టను.

రోములో ఉన్నవాళ్లు ఒకే పూటలో ఒక ఇటలీ స్టాంపు, ఒక వాటికన్ స్టాంపు కొని, రెండు కార్డులను వాటి వాటి డబ్బాల్లో వేయాలి. వేయబోయే ముందు స్టాంపు, డబ్బా ఒకే ఫొటోలో పడేలా తీసి పంపండి. ఇటలీ స్టాంపు పొగాకు కొట్లోనే కొనాలి, ఇంగ్లీషు మాట ఒక్కటీ వాడకూడదు, ‘ఇండియా’ తప్ప.

ఇంకా బయలుదేరనివాళ్లు ఈ అయిదింటిలో ఏవి ఇల్లు చేరతాయో, ఏవి చేరవో, ఎందుకో ఒక్కో వాక్యంలో రాయండి: బ్రస్సెల్స్‌లో కొన్న ‘వరల్డ్’ స్టాంపు ఆమ్‌స్టర్‌డామ్ నారింజ డబ్బాలో, జూరిక్‌లో కొన్న స్విస్ స్టాంపు వాడుజ్‌లో, ఫ్రాన్సు తపాలా అమ్మిన అండోరా స్టాంపు స్పెయిన్ తపాలా డబ్బాలో, ప్రాగ్‌లో ‘ఇ’ స్టాంపు అంటించిన గుంటూరు కార్డు, మిలన్‌లో బొమ్మల కొట్టు స్టిక్కరు అదే కొట్టు గుమ్మం పక్కనున్న డబ్బాలో. చివరిదానికి ‘చేరదు’ అని రాసినవాళ్లు ఈ పాఠం మళ్లీ మొదటి నుంచి చదవండి.