పాత సిగ్నల్ జనరేటర్‌కి కొత్త ముఖం

పాత ఆడియో సిగ్నల్ జనరేటర్ (ఆడియో సర్క్యూట్లను పరీక్షించడానికి కావలసిన ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఇచ్చే పరికరం) ఒకటి చేతికొచ్చింది. సర్క్యూట్ బాగానే ఉంది కానీ ముందు ప్యానెల్ మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఎవరో అదనంగా కన్నాలు కూడా పెట్టారు. పైగా అవుట్‌పుట్‌కి బైండింగ్ పోస్టుల (వైరు బిగించే మరల) బదులు నాకు బీఎన్‌సీ (తిప్పి బిగించే కేబుల్ కనెక్టర్) కావాలి.

నాబ్‌లు, నట్లు తీసి, విప్పిన ప్యానెల్‌ని స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో స్కాన్ చేశాను. ఫోటో అయితే అంచులు వంగుతాయి, కొలతలకు పనికిరాదు. దాని మీద ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ మళ్లీ గీశాను. పక్కన 100 మి.మీ. గీత పెట్టి, ముందు మామూలు కాగితం మీద ప్రింట్ తీసి స్కేలుతో కొలవాలి. ప్రింటర్లు చెప్పకుండా బొమ్మని కుదించేస్తుంటాయి.

అసలు పని డయల్‌ది. వేరియబుల్ కెపాసిటర్ (డయల్ తిప్పితే ఫ్రీక్వెన్సీని మార్చే భాగం) తిరిగినంత మేర ఫ్రీక్వెన్సీ సమంగా మారదు, గీతలు సమదూరంలో వేస్తే డయల్ అబద్ధం చెబుతుంది. ఫ్రీక్వెన్సీ కౌంటర్ తగిలించి, ఒక్కో విలువ దగ్గర కోణం రాసుకుని ఆ ప్రకారమే గుర్తులు పెట్టాను. విసుగు పుట్టే పనే, కానీ దగ్గరదారి లేదు.

అదనపు కన్నాల్లో ఎపాక్సీ పుట్టీ నింపి సాపు చేశాను. ప్రింట్‌ని పారదర్శక ఫిల్మ్ మీద కుడిఎడమలు తిప్పి తీస్తే టోనర్ (లేజర్ ప్రింటర్ సిరా పొడి) వెనకవైపు ఉండి, వేళ్లకి అరగదు. వెనక తెల్ల స్ప్రే కొట్టి, రెండువైపులా అంటుకునే షీటుతో అతికించాను.

బీఎన్‌సీకి దాని మర పట్టేంత కన్నం చాలు. అల్యూమినియం ప్యానెల్ మీది ఆనొడైజ్ పొర (రక్షణకి వేసే ఆక్సైడ్ పూత) కరెంటుని పోనివ్వదు కనుక నట్ కూర్చునే చోట దాన్ని గీకేయాలి, లేదంటే గ్రౌండ్ సరిగా అందదు. అరుదైన పరికరమైతే మాత్రం అసలు ప్యానెల్‌ని ముట్టుకోను. అల్యూమినియం రేకుతో వేరేది చేసుకుంటాను.