పూడికతీతలో దొరికిన తాబేలును సముద్రంలో వదలకండి

గత ఆదివారం పొద్దున్నే విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఇద్దరు కుర్రాళ్లు బకెట్‌లో తెచ్చిన తాబేలును కెరటాల్లోకి వదులుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మధురవాడ వైపు ఒక చెరువులో పూడిక తీస్తుండగా దొరికిందట. నేను తిరిగి వచ్చేసరికి అదే తాబేలు మెడ వాల్చేసి ఇసుక మీద పడి ఉంది.

మన ఊళ్లో ఏటా ఆలివ్ రిడ్లే పిల్లలను సముద్రంలోకి వదలడం చూస్తుంటాం కనుక, తాబేలంటే కడలి జీవే అన్న భ్రమ బాగా నాటుకుపోయింది. సముద్రపు తాబేలుకు ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథులు కళ్ల దగ్గర ఉంటాయి. చెరువు తాబేలుకు ఆ ఏర్పాటు లేదు. ముందు కాళ్లు చూడండి. తెడ్లలా ఉంటే సముద్రానిది. పాదానికి మూడు గోళ్లు, తోలులాంటి నున్నని వీపు, గొట్టంలా సాగిన ముక్కు ఉంటే మంచినీటిది. ఈ ఫ్లాప్‌షెల్ తాబేలు వెనుక కాళ్లను లోపలికి లాక్కోగానే అడుగున రెండు మెత్తని రేకులు తలుపుల్లా మూసుకుంటాయి. దాన్ని సముద్రంలో వదలకండి.

చెరువు ఎండినప్పుడు ఇది బురదలో కూరుకుని వానల దాకా కదలకుండా గడుపుతుంది కాబట్టి, జేసీబీ దించే ముందు తడి ఆరని మూలలను పారతో మెల్లగా తీయించాలి, వీలైతే ఒక మూలను తవ్వకుండా విడిచిపెట్టాలి. కదలడం లేదు కదా అని చచ్చిందనుకుని మట్టితోపాటు లారీకి ఎత్తించకండి. గట్టు మట్టిలో గుడ్లు కనబడితే అక్కడ తవ్వకం ఆపండి.

దొరికిన తాబేలును అదే చెరువులోని తడి మూలకో, దగ్గరలోని మరో చెరువుకో చేర్చాలి. బావిలో వేయకండి, గోడ ఎక్కి బయటికి రాలేదు. గుడి కోనేరులో వేయకండి. ఇంట్లో టబ్‌లో పెంచకండి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి ఇది, శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. తోక పట్టి ఎత్తకండి. మెడ చాలా దూరం సాగుతుంది, కరుస్తుంది, అందుకే డిప్పను వెనుక వైపు రెండు చేతులతో పట్టుకోండి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. దుకాణంలో కొన్న విదేశీ ఎర్రచెవుల తాబేలును ఏ చెరువులోనూ వదలకండి. డిప్ప పగిలితే నీళ్లలో వేయకండి. తడిగుడ్డ కప్పి, గాలి ఆడే పెట్టెలో నీడన ఉంచి అటవీశాఖకు ఫోన్ చేయండి. వాళ్లు రావడం ఎంత ఆలస్యమైనా సరే, బీచ్ వైపు మాత్రం తీసుకెళ్లకండి.